నీలిరంగు వెనుక ఉన్న మనిషి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు
(ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, ప్రొద్దుటూరు)



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1978 నుంచి 2012 దాకా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రుల్లో రక్తం, మూత్రం పరీక్షలు చేస్తూ బతికినవాడిని. నాకు తెలిసినవల్లా గాజు గొట్టాలు, రంగులు, కొలతలు. కాబట్టి ఆ కొలతల లోకంలో పేరు నిలిచిపోయిన ఒక తెలుగు బిడ్డ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

దీనికి కారణం మా మనవరాలు. అది ఇక్కడే డిగ్రీ చదువుతోంది. పోయిన సంవత్సరం మా ఇంటామెకు థైరాయిడ్ పరీక్ష చేయిస్తే వచ్చిన కాగితాన్ని చదువుతూ, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఎలక్ట్రోకెమిల్యూమినిసెన్స్ అనే మాట దగ్గర ఆగిపోయి, ఇదేంది తాతా అని అడిగింది. ఒక రసాయనానికి కరెంటు తగిలిస్తే వెలుగు పుడుతుంది, ఆ వెలుగును బట్టి రక్తంలో ఏది ఎంత ఉందో లెక్క కడతారు అని చెప్పాను. చెప్పాను గానీ నాకే తృప్తి కలగలేదు. వెలుగును కొలవడం ఈ కాలపు పని. రంగును కొలవడం మా కాలపు పని. ఆ రంగును నాకు నేర్పిన మనిషి గురించి చెప్పకపోతే ఆ జవాబు పూర్తి కాదనిపించింది.

రిజిస్టరులో ఒక పేరు

కర్నూలులో ట్రైనింగు ముగించుకొని ప్రొద్దుటూరులో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి, రక్తంలో ఫాస్ఫరస్ పరీక్ష చేసిన ప్రతిసారీ రిజిస్టరులో పద్ధతి అనే గడిలో ఫిస్కె, సుబ్బారో అని రెండు పేర్లు రాసేవాడిని. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆ రెండో పేరు చివర రో అని చదివేటట్లు ఉండేది. ఇద్దరూ దొరలే అనుకున్నాను. నాకు నేర్పినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. అట్లా పదిహేడు సంవత్సరాలు రాశాను.

1995లో ఆయన శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. ఆ సందర్భంగా పేపర్లో వచ్చిన వ్యాసం చదివితే తెలిసింది, ఆ సుబ్బారో మన సుబ్బారావు గారే అని, పుట్టింది భీమవరంలో అని. ఆ రోజు ల్యాబుకు పోయి పాత రిజిస్టర్లు తీసి చూసుకున్నాను. నా చేత్తోనే ఎన్ని వందల సార్లు రాశానో ఆ పేరు! సంతోషం కంటే సిగ్గే ఎక్కువ కలిగింది.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

సుబ్బారావు గారు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం గారు ప్రభుత్వ ఉద్యోగి. ఆరోగ్యం చెడి ముందుగానే ఉద్యోగం విరమించుకోవలసి వచ్చింది. పెద్ద సంసారం, చిన్న రాబడి. ఆ బాధ ఎట్లుంటుందో మన పింఛనుదారులకు విడమరచి చెప్పనక్కరలేదు. పిల్లవాడికి చదువు మీద మొదట్లో మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు విడిచి, కాశీ పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని బయలుదేరాడు. దారిలోనే పట్టుకొని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ గారు గట్టి మనిషి. ఒంటి మీది బంగారం అమ్మి మరీ చదివించింది. మెట్రిక్యులేషన్ మూడోసారి గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన మనవళ్లను తిట్టేముందు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

మద్రాసులో చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. అక్కడివారు వైద్యం చదివి జనానికి సేవ చేయమన్నారు. అట్లా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువుకు అనపర్తి వాస్తవ్యులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆదుకున్నారు. ఆయన కుమార్తె శేషగిరి గారితో 1919లో వివాహమయింది. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకొని ఆపరేషన్ గదికి పోవడం అక్కడి ఇంగ్లీషు ప్రొఫెసరుకు గిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పెద్ద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు అన్నదమ్ములను కొద్ది రోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తం క్షీణించిపోవడం దాని లక్షణాలు. సుబ్బారావు గారికీ అదే జబ్బు వస్తే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. తర్వాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర శాస్త్రం బోధించారు. ఆ చావులను ఆయన మరిచిపోలేదని ఆయన తర్వాతి పని చూస్తే అర్థమవుతుంది.

మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో ఓడ ఎక్కి 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు చదువుతూ, కూడు కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడన్న కబురు ఆ పరాయి దేశంలోనే విన్నారు. భార్యను మళ్లీ కళ్లజూసే యోగం ఆయనకు లేకపోయింది. ఆ ఇల్లాలి జీవితమంతా ఎదురుచూపుతోనే గడిచింది. గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంతో దాటేస్తారు. నేనూ ఇంతకంటే ఎక్కువ రాయలేను గానీ, దాటేయడం మాత్రం న్యాయం కాదు.

ఒరగల్లు మీద రెండు గీతలు

హార్వర్డు జీవరసాయన శాఖలో ఆటో ఫోలిన్ గారు పెద్ద. రక్త పరీక్షలు చేసే ప్రతివారికీ ఆ పేరు పరిచయమే. అక్కడ సైరస్ ఫిస్కె అనే ఆచార్యుని దగ్గర సుబ్బారావు గారు చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో తేలికగా, నిక్కచ్చిగా కొలిచే దారి కనిపెట్టడం ఆయన కిచ్చిన పని. అంతకుముందు కొన్ని పద్ధతులు ఉండేవి గానీ రంగు నిదానంగా వచ్చేది, నమ్మకంగా వచ్చేది కాదు. 1925లో ఇద్దరి పేర్లతో కొత్త పద్ధతి అచ్చయింది.

కొలత అంటే ఏమిటో ప్రొద్దుటూరు వారికి నేను చెప్పే పని లేదు. మన బంగారు అంగళ్లలో నగతో ఒరగల్లు మీద ఒక గీత గీస్తారు. పక్కనే నాణ్యం తెలిసిన బంగారంతో ఇంకో గీత గీస్తారు. ఆమ్లం చుక్క పెట్టి రెండు గీతలూ పోల్చి చూసి ఇది ఇంత మచ్చు అని చెబుతారు. సుబ్బారావు గారి పద్ధతి కూడా ఆ వరుసలోదే. రక్తంలోని మాంసకృత్తులను ఆమ్లంతో విరగ్గొట్టి వడగట్టాలి. తేటలో మాలిబ్డేట్ ద్రావణం కలిపితే ఫాస్ఫేట్ దానితో జత కడుతుంది. తర్వాత అమినో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం అనే ద్రావణం కొద్దిగా చేరిస్తే చక్కని నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫరస్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. లెక్క తెలిసిన ఫాస్ఫేట్‌తో ఇంకో గొట్టం తయారు చేసుకొని రెంటినీ పోల్చాలి. 1925లో కంటితోనే పోల్చేవారు. మా కాలానికి ఎర్ర ఫిల్టరు పెట్టిన కలరీమీటరు వచ్చింది. పెద్దవారికి వంద మిల్లీలీటర్ల సీరంలో సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఉండాలి.

మూడో గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని బ్లాంక్ అంటాం. అందులో రక్తం ఉండదు, తక్కిన ద్రావణాలన్నీ ఉంటాయి. అది తెల్లగా ఉండాలి. నా తప్పు అక్కడే జరిగింది.

నేను చేసిన తప్పు

సర్వీసు తొలినాళ్ల మాట. ఏ ఊరో, ఏ ఆసుపత్రో రాయను, తప్పు నాది గనుక. ఆ రోజు పని ఎక్కువ, కరెంటు వస్తూ పోతూ ఉంది. తొందరలో బ్లాంక్ పెట్టలేదు. ఒక పల్లెటూరి ఆమెకు ఫాస్ఫరస్ ఎనిమిది దాటి వచ్చింది. అంత ఉందంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయేమో అని అనుమానించాలి. డాక్టరు గారు ఆమెను పెద్దాసుపత్రికి పంపడానికి చీటీ రాయబోయి, మనిషిని చూస్తే అట్లా లేదే అని నన్ను పిలిపించారు. మళ్లీ చేసి చూద్దును గదా, రక్తం వేయని గొట్టం కూడా నీలంగా తిరిగింది! గొట్టాలను బట్టల సోడాపొడితో కడిగి సరిగా జాడించలేదు. ఆ పొడిలోనే ఫాస్ఫేట్ ఉంది. ఆమె ఒంట్లో లేని జబ్బు మా గాజు గొట్టంలో ఉంది.

గొట్టాలను ఆమ్లంతో, తర్వాత డిస్టిల్డ్ వాటరుతో కడిగి తిరిగి చేస్తే మూడున్నర వచ్చింది. ఆమె భర్త అప్పటికే ప్రయాణ ఖర్చులకు మేక అమ్మడానికి బేరం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా బ్లాంక్ పెట్టకుండా ఒక్క పరీక్ష కూడా చేయలేదు. ఒక అంకె కాగితం మీదికి ఎక్కిందంటే దాని వెనుక ఒక సంసారం ఉంటుందని నాకు ఆ నీలిరంగే నేర్పింది.

తప్పు రంగులో దొరికిన నిజం

నాకు తప్పు రంగు తప్పుగానే మిగిలింది. సుబ్బారావు గారికి ఒక తేడా రంగు పెద్ద నిజాన్ని చూపించింది. ఆయన తన పద్ధతిని కండరం నుంచి తీసిన రసం మీద ప్రయోగిస్తే నీలిరంగు ఒక్కసారిగా రాకుండా, నిదానంగా పెరుగుతూ పోయింది. మరొకరైతే ద్రావణం చెడిపోయిందని పారబోసేవారు. ఆయన, ఫిస్కె గారు ఎందుకిట్లా అని వెంటపడ్డారు. కండరంలో ఫాస్ఫేట్‌ను పట్టుకొని ఉండే పదార్థం ఒకటి ఉందని, ఆమ్లంలో అది మెల్లగా విడిపోతూ ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని అప్పటిదాకా ఉన్న నమ్మకం దానితో కదిలిపోయింది.

రెండేళ్లకు, 1929లో, ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరం నుంచి వేరు చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం విడిగా కనిపెట్టారు. మనం తిన్న సంగటి ముద్ద చివరికి ఏ.టి.పి.గా మారితేనే చేయి లేస్తుంది, గుండె కొట్టుకుంటుంది. శరీరమంతటా చెల్లే రొక్కం అదే. 1930లో ఆయనకు పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డు శాశ్వతమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఘనత దగ్గర తోసుకొని ముందుకు పోయే స్వభావం ఆయనది కాదు. చేసిన పనికి ప్రమోషన్ రాని బాధ మనలో కొందరికి తెలుసు. ఆయన దాన్ని మనసులో పెట్టుకొని కూర్చోలేదు, పని చోటు మార్చుకున్నారు.

మన మందుల డబ్బాలో సుబ్బారావు గారు

1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఎనిమిది సంవత్సరాలలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. ఆయన బృందం దీన్ని కృత్రిమంగా తయారు చేసినట్లు 1945లో ప్రకటించింది. రక్తహీనతకే గాక, అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు కూడా అది మందయింది. పాత పగ అట్లా తీర్చుకున్నారు. ఈనాడు గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉన్న రెండో మందు ఇదే.

రెండోది దానికి విరుగుడు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్, మెతోట్రెక్సేట్ మందులు ఆ పరిశోధనశాల నుంచే వచ్చాయి. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో ప్రకటించారు. అప్పటిదాకా ఆ పిల్లలకు ఏ ఆశా లేదు. మెతోట్రెక్సేట్‌ను ఈనాడు కీళ్లవాతానికి మనలో కొందరు వాడుతున్నారు. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఇంట్లో పెద్దవారికి మాత్రలు ఇచ్చే పిల్లలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడోది బోదకాలుకు వాడే డి.ఇ.సి. మాత్ర. మొదట హెట్రజాన్ పేరుతో వచ్చింది. కోస్తా జిల్లాల్లో పనిచేసిన మన ఆరోగ్య శాఖ మిత్రులు ఇంటింటికీ తిరిగి పంచింది ఇదే. నాలుగోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీశారు. 1948లో వెలువడిన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది.

అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53. మన ఉద్యోగ విరమణ వయసు కూడా రాలేదు. ఇరవై ఆరేళ్లు అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరుడు కాలేదు. నోబెల్ బహుమతి రాలేదు. ఒక శిలీంధ్రానికి మాత్రం 1953లో సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

రంగు నుంచి వెలుగుకు

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్నకు వస్తాను. చిన్నప్పుడు వానాకాలంలో పెన్న ఒడ్డున మిణుగురు పురుగులు చూసినవాళ్లం మనం. ఆ వెలుగుకు ఏ.టి.పి. కావాలని 1947లో అమెరికాలో విలియం మెకెల్రాయ్ చూపించారు. సుబ్బారావు గారు బతికి ఉండగానే ఆయన కనుగొన్న పదార్థం వెలుగై కనిపించిందన్నమాట. మిణుగురు రసాయనంతో ఏ.టి.పి.ని కొలిచే పరీక్షలు ఈనాడు ఆసుపత్రుల శుభ్రతను చూడడానికి కూడా వాడుతున్నారు.

కరెంటుతో ద్రావణంలో వెలుగు పుట్టించే సంగతి కూడా 1920ల నాటికే తెలుసు. 1960లలో అమెరికాలో అలెన్ బార్డ్ వంటివారు దాన్ని శాస్త్రంగా నిలబెట్టారు. 1990ల నుంచి ఆసుపత్రి యంత్రాల్లోకి వచ్చింది. రక్తంలోని థైరాయిడ్ సంబంధమైన టి.ఎస్.హెచ్.ను రెండు యాంటీబాడీలు చెరొక పక్క పట్టుకుంటాయి. ఒకదానికి రుథీనియం అనే లోహపు గుర్తు ఉంటుంది. రెండోదానికి బయోటిన్ అనే విటమిన్ తగిలించి ఉంటుంది. ఆ బయోటిన్ కొక్కెంలా అయస్కాంతపు పూసలకు తగులుకుంటుంది. అయస్కాంతం పూసలను ఒక పలక మీదికి లాగుతుంది, తగులుకోనిదంతా కడిగిపోతుంది. అప్పుడు ఇంకొక రసాయనం తోడుగా కరెంటు ఇస్తే రుథీనియం ఎర్రనారింజ రంగులో వెలుగుతుంది. టి.ఎస్.హెచ్. ఎంత ఎక్కువుంటే వెలుగు అంత ఎక్కువ. మన కంటికి ఆనని వెలుగును కూడా యంత్రం లెక్కపెడుతుంది. ఇక్కడా లెక్క తెలిసిన నమూనాతో పోల్చి చూడవలసిందే. ఒరగల్లు మారింది గానీ రెండు గీతల న్యాయం మారలేదు.

తప్పులు జరిగే దారులూ పోలేదు. మా ఇంటామె రిపోర్టులో టి.ఎస్.హెచ్. ఉన్నట్టుండి బాగా తక్కువగా, టి4 ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ మాత్ర తగ్గించాలేమో అన్నారు. నాకు ఆ పాత నీలి గొట్టం గుర్తుకొచ్చింది. ఈమధ్య కొత్తగా ఏమైనా మింగుతున్నావా అని అడిగితే, జుట్టు రాలకుండా కూతురు తెచ్చిచ్చిన బయోటిన్ మాత్రలు చూపించింది. పెద్ద మోతాదు. ఒంట్లో బయోటిన్ ఎక్కువైతే కొక్కేనికి ఉన్న చోటును అదే ఆక్రమించి, ఇట్లాంటి కొన్ని పరీక్షల్లో అంకె తారుమారవుతుంది. డాక్టరు గారికి ఆ సంగతి చెప్పి, ఆయన చెప్పినన్ని రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే ఎప్పటి అంకే వచ్చింది. యంత్రం తప్పు లేదు, ల్యాబు తప్పు లేదు. చెప్పకపోవడం మా తప్పు. ఈ చిక్కు రాకుండా కొత్త కిట్లు తయారవుతున్నాయి గానీ, మీరు మింగే ప్రతి మాత్ర గురించి, విటమిన్ అయినా సరే, రక్తం ఇచ్చేముందు చెప్పండి.

నా చిన్న కోరిక

ఈనాటి యంత్రాలు ఫాస్ఫరస్‌ను చాలావరకు నీలిరంగు దాకా పోకుండానే, కంటికి కనిపించని కాంతిలో కొలుస్తున్నాయి. కాబట్టి ఫిస్కె, సుబ్బారావు పేర్లు రిజిస్టర్లలో నుంచి జారిపోతున్నాయి. పరిశోధనశాలల్లో మాత్రం ఇంకా వాడుకలో ఉన్నాయి. పద్ధతులు పాతబడతాయి, అది సహజం. కానీ రంగు తేడాగా వస్తే పారబోయకుండా ఎందుకని నిలబడి చూసిన ఆ ఓర్పు పాతబడదు.

మీ ఇంట్లో ఫోలిక్ మాత్రో, మెతోట్రెక్సేట్ మాత్రో ఉంటే, మనవళ్లను, మనవరాళ్లను పిలిచి ఇది భీమవరం ఆయన పుణ్యమని ఒక్క మాట చెప్పండి. నాకు పదిహేడు సంవత్సరాలు ఎవరూ చెప్పలేదు. ఆ లోటు మన పిల్లలకు ఉండకూడదు.

సెలవు.